చార్లీ ముందు “స్టాండ్‌బై” అంటే లోపలికి వెళ్లొచ్చా? స్టూడెంట్ పైలట్‌కు ఎయిర్‌స్పేస్ రూల్స్

మీరు అడిగినవి మూడు. ఎయిర్‌స్పేస్ క్లాసులు (ఆకాశాన్ని ఏ, బీ, సీ అని విడగొట్టిన తరగతులు, రేడియోలో ఆల్ఫా, బ్రావో, చార్లీ అంటారు) ఎలా గుర్తుపెట్టుకోవాలి? అప్రోచ్ వాళ్లు (ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల విమానాలను చూసుకునే కంట్రోలర్లు) “స్టాండ్‌బై”, అంటే ఆగమని, అంటే క్లాస్ చార్లీలోకి వెళ్లొచ్చా? క్లాస్ గోల్ఫ్‌లో పగలు ఒక మైలు విజిబిలిటీ చాలన్న రూలు స్టూడెంట్‌కూ వర్తిస్తుందా? మీరు టెక్సాస్‌లో నేర్చుకుంటున్నానన్నారు, నేనూ ఆస్టిన్ దగ్గరే నేర్చుకున్నాను కాబట్టి అమెరికా రూల్సే చెప్తాను.

ముందుగా, ఏ నుంచి జీ దాకా వరసగా బట్టీ పట్టడం ఆపేయండి. అది రాతపరీక్ష వరకే. చార్టు మీద మన రూటు గీసుకున్నాక, అది ఏ గీతను దాటుతుందో అక్కడ ఆగి ఒక్కటే చూసుకోవాలి: ఇది దాటేలోపు నా చెవిన ఏ మాట పడాలి?

బ్రావోకి, అంటే నిండు నీలం గీతకి, “క్లియర్డ్” అన్న మాట వినపడి తీరాలి. ఫ్లైట్ ఫాలోయింగ్‌లో (కంట్రోలర్ రాడార్‌లో మనల్ని గమనిస్తూ ఉండే సేవ) ఉన్నాం, స్క్వాక్ కోడ్ (రాడార్‌లో మనల్ని గుర్తుపట్టే నంబరు) ఇచ్చారు, “రాడార్ కాంటాక్ట్” అన్నారు... ఇవన్నీ కలిపినా పర్మిషన్ కాదు. అనుమానంగా ఉంటే “బ్రావోలోకి క్లియరెన్స్ ఉందా?” అని నేరుగా అడిగేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. పైగా స్టూడెంట్ సోలోగా, అంటే ఒంటరిగా, వెళ్లాలంటే ఆ ప్రత్యేకమైన బ్రావోలోనే ఇన్‌స్ట్రక్టర్‌తో ట్రైనింగ్ అయి, గత 90 రోజుల్లోపు లాగ్‌బుక్‌లో ఎండార్స్‌మెంట్ (ఇన్‌స్ట్రక్టర్ సంతకంతో అనుమతి) పడి ఉండాలి. అదున్నా డాలస్ ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్టులో మాత్రం దిగలేరు. అట్లాంటా, లాస్ ఏంజెలిస్, జేఎఫ్‌కే లాంటి కొన్ని ఎయిర్‌పోర్టులతో పాటు అదీ స్టూడెంట్ సోలోకి నిషేధించిన జాబితాలో ఉంది.

చార్లీకి క్లియరెన్స్ అక్కర్లేదు, రెండువైపులా మాట కలిస్తే చాలు. మీ సందేహం ఇక్కడే కదా. కంట్రోలర్ “స్కైహాక్ త్రీ ఫోర్ పాపా, స్టాండ్‌బై” అంటే మీ కాల్‌సైన్ (రేడియోలో మీ విమానం పేరు) పలికినట్టే, మాట కలిసినట్టే, వెళ్లిపోవచ్చు. అదే “ఎయిర్‌క్రాఫ్ట్ కాలింగ్, స్టాండ్‌బై” అంటే మీరెవరో ఆయనకింకా తెలియదు, బయటే ఉండాలి. కాల్‌సైన్ పలికి “రిమెయిన్ అవుట్‌సైడ్” అన్నా బయటే.

ఆస్టిన్‌కి ఉత్తరాన ఉన్న జార్జ్‌టౌన్ నుంచి దక్షిణాన ఉన్న శాన్ మార్కోస్‌కి 3,000 అడుగుల్లో సోలో వెళ్తున్నప్పుడు నాకు సరిగ్గా ఈ రెండో రకం జవాబే వచ్చింది. ఆస్టిన్ చార్లీ బయటి వలయం 2,100 అడుగుల దగ్గరే మొదలవుతుంది. ఫ్రీక్వెన్సీలో ఎయిర్‌లైన్స్ వాళ్లు ఒకరి వెనక ఒకరు ఊపిరాడకుండా మాట్లాడుతున్నారు. రౌండ్ రాక్ మీద నెమ్మదిగా చుట్టు తిరుగుతూ ఆగాను. కాసేపటికి కంట్రోలరే “ఎవరు పిలిచింది, మళ్లీ చెప్పండి” అన్నాడు. కాల్‌సైన్, ఎక్కడున్నానో, ఎంత ఎత్తో చెప్పి, చివర్లో “స్టూడెంట్ పైలట్” అన్నాను. అంతే, మాట స్పీడు సగానికి తగ్గించాడు. మనవాళ్లు చాలామంది ఈ రెండు మాటలు చెప్పడానికి నామోషీ పడతారు. ఎందుకో నాకు అర్థం కాదు, ఉచితంగా దొరికే సాయం అది.

చార్లీని తప్పించుకుని పైనుంచి పోవాలంటే ఇంకో లెక్క ఉంది. భూమికి 3,000 అడుగుల పైన వీఎఫ్ఆర్‌లో (కళ్లతో బయట చూసుకుంటూ నడిపే పద్ధతి) నిలకడగా పోయేటప్పుడు, మాగ్నెటిక్ కోర్సు (దిక్సూచి ప్రకారం పోయే దిక్కు, డిగ్రీల్లో) 180 నుంచి 359 మధ్యలో ఉంటే సరి వేలకు 500 కలిపిన ఎత్తులో ఉండాలి. నా జార్జ్‌టౌన్-శాన్ మార్కోస్ రూటు 180 దాటి కాస్త పడమటికి ఉంటుంది కాబట్టి 4,500 గానీ 6,500 గానీ. కానీ ఆస్టిన్ చార్లీ 4,500తో కలిపి అక్కడిదాకా ఉంది! కాబట్టి 6,500కి ఎక్కాల్సిందే. పైనుంచి పోయినా ట్రాన్స్‌పాండర్, ఏడీఎస్-బీ (మనమెక్కడున్నామో కంట్రోలర్లకు చూపించే పరికరాలు) ఆన్‌లోనే ఉండాలి.

డెల్టాలోనూ మాట కలిస్తే చాలు, కాకపోతే టవర్‌తో. టవర్ పనివేళలు మాత్రం చార్ట్ సప్లిమెంట్‌లో (ఎయిర్‌పోర్టుల వివరాలుండే పుస్తకం) చూసుకుని బయల్దేరండి, మూసేశాక ఆ క్లాసే మారిపోతుంది. ఎకో కంట్రోల్డే అయినా వీఎఫ్ఆర్‌లో ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. ఓరల్ పరీక్షలో ఎగ్జామినర్లకు ఇది ఇష్టమైన ప్రశ్న. ఆల్ఫా 18,000 అడుగుల నుంచి మొదలు, ఐఎఫ్ఆర్ (పరికరాలను బట్టి నడిపే పద్ధతి) వాళ్లకే, ప్రస్తుతానికి వదిలేయండి.

ఇక వెదర్. మామూలుగా 10,000 అడుగుల లోపు మూడు మైళ్ల విజిబిలిటీ, మేఘానికి 500 అడుగుల కింద, 1,000 పైన, 2,000 పక్కకు. “మూడు సెస్నా 152లు” అని అందరూ గుర్తుపెట్టుకునేది ఇదే: 3 మైళ్లు, ఆపైన 152లోని 1, 5, 2 అంటే 1,000, 500, 2,000 అడుగులు. బ్రావోలో మేఘం తగలకుండా ఉంటే చాలు, ఎందుకంటే అక్కడ వీఎఫ్ఆర్ వాళ్లను కూడా ఏటీసీయే (కంట్రోలర్లే) ఎడంగా ఉంచుతుంది. 10,000 దాటాక 250 నాట్ల పరిమితి పోతుంది, విమానాలు దూసుకొస్తాయి, అందుకే ఐదు మైళ్లు అడుగుతారు.

గోల్ఫ్‌లో 1,200 అడుగుల లోపు పగలు ఒక మైలు అన్నది నిజమే. కానీ మీకు చెల్లదు. అమెరికా విమానయాన నిబంధనల్లో ఎయిర్‌స్పేస్ రూలు పార్ట్ 91లో ఉంటే, స్టూడెంట్ రూలు పార్ట్ 61లో ఉంది. సోలోలో మీకు పగలు మూడు మైళ్లు, రాత్రి ఐదు మైళ్లు ఉండాలి, ఏ క్లాసైనా సరే. నేల కనపడుతూనే ఉండాలి, అంటే మేఘాల పొర మీదుగా పోకూడదు. ఇన్‌స్ట్రక్టర్ లాగ్‌బుక్‌లో “క్రాస్‌విండ్ 7 నాట్లు మించకూడదు” అని రాశారనుకోండి, మీ వరకు అదీ చట్టమే. దాన్ని సలహా అనుకునే స్టూడెంట్లను చూశాను. బయల్దేరే ముందు లాగ్‌బుక్‌లో ఆ పేజీ ఒకసారి తీసి చదవండి.

ట్రైనింగ్ అయ్యాక ఇండియా వచ్చి లైసెన్సు మార్చుకునే ఆలోచన ఉంటే ఇంకొక్క మాట. డీజీసీఏ (ఇండియా విమానయాన నియంత్రణ సంస్థ) పెట్టే ఎయిర్ రెగ్యులేషన్స్ పేపర్‌కి ఇవన్నీ పక్కనపెట్టి చదవాలి. నేను ఆ పరీక్ష రాసినప్పుడు ఇండియాలో ఉన్న క్లాసులు డీ, ఈ, ఎఫ్, జీ మాత్రమే. అమెరికాలో ఎఫ్ అసలు లేనే లేదు. ఇండియాలో వీఎఫ్ఆర్ ఫ్లైట్ లెవెల్ 150 (సుమారు 15,000 అడుగులు) దాటకూడదు. ఫ్లయింగ్ క్లబ్బుల ట్రైనింగ్, లోకల్ ఫ్లైట్లకు ఏటీసీ ఇచ్చే మినహాయింపు తప్ప, సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాల నుంచి సూర్యోదయానికి 20 నిమిషాల ముందు వరకు వీఎఫ్ఆర్ కుదరదు. టెక్సాస్‌లో నైట్ వీఎఫ్ఆర్‌కి అలవాటుపడి వచ్చినవాళ్లు తడబడేది ఎక్కువగా ఈ ప్రశ్నకే.