18 అడుగుల మోటారు పడవకు ఏ లంగరును నమ్మవచ్చు?

మీ పడవ 18 అడుగులది, దానికి ఉన్నది ఒకే ఔట్‌బోర్డ్ ఇంజిన్ (పడవ వెనుక అంచుకు బయట బిగించేది), పడవతోపాటు అమ్మినవారే ఒక మడతపెట్టే చిన్న లంగరును ఇచ్చారు. దానితో సరిపెట్టుకోవచ్చా, లేక బరువైనది కొనాలా, కొంటే ఎన్ని కిలోలది కొనాలి అని మీరు అడిగారు. మొదటిదానికి నా సమాధానం సరిపెట్టుకోవద్దని. మిగిలిన ప్రశ్నను మాత్రం నేను కొంచెం మార్చుకుంటాను, ఎందుకంటే కిలోల లెక్కతో వెతుకులాట మొదలుపెట్టినవారు సాధారణంగా తమకు పనికిరాని లంగరునే కొంటారు. లాగుడు ఒక దిక్కు నుంచి మరో దిక్కుకు మారినప్పుడు, ఆ లంగరు ఎవరూ ముట్టుకోకుండానే తిరిగి నేలలోకి దిగుతుందా అన్నది ముందు తేల్చుకోవాలి. బరువు సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.

నాలుగు గోళ్ళు గొడుగులా ముడుచుకునే ఆ లంగరును పడవ అమ్మేవారు ఎందుకు ఇస్తారంటే, అది చవక, సంచిలో పడుతుంది, చూసేవారికి లంగరులాగానే కనిపిస్తుంది. రాళ్ళ సందులో గోరు చిక్కుకుంటే అది పట్టుకుంటుంది. ఇసుకలోనూ బురదలోనూ అయితే నాలుగు గీతలు గీసుకుంటూ పడవ వెంట వస్తుంది. తెడ్డు పడవలకు, గాలి లేని పూట కాసేపు నిలబడి గాలం వేసుకోవడానికి అది చాలు. కానీ ఒకే ఇంజిన్ ఉన్న పడవలో ఆ ఇంజిన్ ఆగిపోయి, గాలి మిమ్మల్ని రాళ్ళవైపు తోస్తున్నప్పుడు మిమ్మల్ని ఆపగలిగినది లంగరు ఒక్కటే. ఆ అరగంటను దృష్టిలో పెట్టుకొని ఎంచుకోవలసిన వస్తువును ఉచిత కానుకగా అంటగట్టే పద్ధతి నాకు మొదటి నుంచీ నచ్చదు.

చిన్న పడవల్లో ఎక్కువగా కనిపించేది రెండు పలుచని, వెడల్పైన రెక్కలున్న డాన్‌ఫోర్త్ తరహా లంగరు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఒడ్డుకు ఎక్కించిన సైనిక పడవలను తిరిగి నీటిలోకి లాగుకోవడానికి దీనిని విరివిగా వాడారు. అంటే ఒకే దిక్కుగా, గట్టిగా లాగే పనిలో ఇది పేరు తెచ్చుకొంది. శుభ్రమైన ఇసుకలో, మెత్తని బురదలో దాని బరువుకు మించిన పట్టును ఇస్తుందనడంలో సందేహం లేదు. నాగలి ఆకారపు లంగరును ద్రవగతిశాస్త్రంలో పేరొందిన జెఫ్రీ ఇంగ్రామ్ టేలర్ 1933లో నీటి విమానాల కోసం రూపొందించారు. 1970లలో పీటర్ బ్రూస్ తెచ్చిన మూడు వేళ్ళ పంజా లంగరు, ఆ తరువాత వచ్చిన స్పేడ్, 2004లో న్యూజీలాండ్‌కు చెందిన పీటర్ స్మిత్ తెచ్చిన రోక్నా, ఇవన్నీ మరో దారిలో నడిచాయి. స్పేడ్, రోక్నా వంటి పార తరహా లంగర్లకు ఒకే పుటాకార ఫలకం, పదునైన మొన ఉంటాయి. ఎలా పడినా మొన నేలవైపు తిరిగేలా వాటి బరువును, లేదా వెనుక ఉన్న కమ్మీని అమర్చుతారు. పుట్టగొడుగు ఆకారపు లంగరు గురించి ఎవరైనా చెబితే వినకండి. అది నెలల తరబడి బురదలో కూరుకుపోయి ఒకేచోట ఉండవలసిన తేలుబుర్రలకు పనికివస్తుంది కానీ సాయంత్రానికి తిరిగి వచ్చే పడవకు కాదు.

నా అభిప్రాయం గట్టిపడింది మా బావగారి పడవలో. అదీ మీ పడవ పరిమాణమే, అదీ ఒకే ఇంజిన్‌దే. ఒక ఏటి ముఖద్వారంలో, పోటు లోపలికి వస్తున్న సమయంలో, ఇసుకలో పెంకులు కలిసిన నేల మీద రెండు రెక్కల లంగరు వేశాము. నేను వెనక్కు ఇంజిన్ నడిపి చూశాను. మోకు బిగిసింది, పడవ కదలలేదు, బావగారు ఇంత తేలికైన వస్తువు ఇంత పట్టు పట్టడం చూడమని నాకే ఉపదేశం చేశారు. ఒడ్డున ఉన్న ఒక స్తంభాన్ని, దాని వెనుక ఉన్న చెట్టును ఒకే వరుసలో గుర్తుపెట్టుకొని గాలాలు తీశాము. పోటు ఆగింది. మోకు వదులై నీటిలోకి వేలాడింది, పడవ తనకు తానే మెల్లగా తిరిగింది, ఆటు మొదలై నీరు సముద్రంవైపు లాగసాగింది.

అప్పుడు నా చేయి మోకు మీదే ఉంది. పట్టు దొరికిన లంగరు మోకు బిగువుగా, నిశ్చలంగా ఉంటుంది. జారుతున్న లంగరు మోకు సన్నగా గరగరమని వణుకుతుంది, ఆ వణుకు ఒకసారి అరచేతికి తెలిస్తే మళ్ళీ మరిచిపోలేము. తల ఎత్తి చూస్తే స్తంభమూ చెట్టూ విడిపోయి ఉన్నాయి. పడవ వెళ్తున్న వైపు చేపల వలలు కట్టడానికి పాతిన గుంజల వరుస ఉంది. ఇంకొంత మోకు వదిలాము, వణుకు తగ్గలేదు. మరికొంత వదిలాము, తగ్గలేదు. నేను ఇంజిన్ నడిపి పడవ ముక్కును ప్రవాహానికి ఎదురుగా నిలిపి ఉంచితే, బావగారు లంగరును పైకి లాగారు. దాని కాడకు, అంటే మోకు కట్టే పొడవాటి కడ్డీకి, రెక్కలకు మధ్య ఒక పెద్ద ఆల్చిప్ప బంకమట్టితో సహా ఇరుక్కుపోయి ఉంది. రెక్కలు రెండూ ఒకవైపుకే బిగుసుకుపోయాయి. ఆ స్థితిలో అది వెల్లకిలా పడితే రెక్కల మొనలు ఆకాశాన్ని చూస్తాయి తప్ప నేలను తాకవు. ఎంత మోకు వదిలితే మాత్రం ఏమి లాభం? స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీస్తే గానీ ఆ చిప్ప ఊడిరాలేదు.

తరువాత అదే చోట, అటువంటి పోటులోనే, పార తరహా లంగరు వేసి కావాలనే ఆటు తిరిగేదాకా ఆగాము. అదీ ఊడింది, ఊడలేదని నేను చెప్పను. కానీ పడవ తన పొడవంత దూరం పోయేలోగా మళ్ళీ పట్టుకొని ఆగిపోయింది. దానిలో కదిలే కీలు లేదు కాబట్టి చిప్ప ఇరుక్కోవడానికి సందూ లేదు. ఒక్క ఆల్చిప్ప మీద సిద్ధాంతం కట్టారా అని మా బావగారు ఇప్పటికీ ఎద్దేవా చేస్తారు. కట్టాను, దానిని మార్చుకునే ఉద్దేశం లేదు. లంగర్ల పరీక్షలని చెప్పి చూపే చాలా వీడియోలలో శుభ్రమైన ఇసుకలో ఒకే సరళరేఖలో లాగి, ఎన్ని కిలోల బలం తట్టుకుందో అంకె చూపించి ముగిస్తారు. రాత్రి గాలి మారినప్పుడో, ఆటుపోట్లు తిరిగినప్పుడో ఆ అంకె మీకు ఏ సహాయమూ చేయదు.

కాబట్టి మీ పడవ ముందుభాగంలో శాశ్వతంగా ఉండవలసినది పార తరహా లంగరు. అది దొరకకపోతే పంజా తరహాది. పంజాకు బరువును బట్టి చూస్తే పట్టు తక్కువే, కానీ తిరిగి దిగే గుణం ఉంది, రాళ్ళు కలిసిన నేలలోనూ ఏదో ఒక విధంగా పట్టుకుంటుంది. 18 అడుగుల పడవకు 4 నుంచి 6 కిలోల మధ్యది సరిపోతుంది. తయారీదారు పట్టికలో మీ పడవ రెండు పరిమాణాల సరిహద్దులో ఉంటే పెద్దదానినే తీసుకోండి. నాచు దట్టంగా ఉన్నచోట తేలికపాటి రెక్కల లంగరు నాచు మీదే జారుతుంది, అక్కడ బరువూ మొన పదునూ నిజంగానే లెక్కకు వస్తాయి. మీరు తిరిగేది అంతా మెత్తని బురదే అయితే మాత్రం నా సిద్ధాంతానికి ఒక మినహాయింపు ఇస్తాను: అల్యూమినియంతో చేసే ఫోర్ట్రెస్ లంగరులో రెక్కల కోణాన్ని 32 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు మార్చుకోవచ్చు, మీ పడవకు సరిపోయేది 2 కిలోల లోపే ఉంటుంది, బురదలో దాని పట్టు అద్భుతం. దానిని రెండవ లంగరుగా విప్పి దాచుకోవడం ఇంకా మంచిది.

గాలి బలం వేగానికి వర్గంగా పెరుగుతుందన్న సంగతిని చిన్న పడవలవారు తేలికగా తీసుకుంటారు. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ పట్టిక ప్రకారం 20 అడుగుల పడవ లంగరు మీద 15 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) గాలిలో పడే భారం సుమారు 40 కిలోలు. గాలి 30 నాట్లకు చేరితే అది సుమారు 160 కిలోలు అవుతుంది. గాలి రెట్టింపైతే లాగుడు నాలుగింతలు. ఉదయం ప్రశాంతంగా పట్టుకొన్న లంగరు మధ్యాహ్నం ఎందుకు జారిందని ఆశ్చర్యపోయేవారికి ఈ రెండు అంకెలే జవాబు.

ఇక మీరు అడగకపోయినా నేను చెప్పదలచుకొన్న విషయం మోకు, గొలుసు. లంగరుకు డబ్బు ఖర్చు పెట్టి మోకు దగ్గర పిసినారితనం చూపేవారిని నేను చాలామందిని చూశాను. లాగుడు నేలకు ఎంత సమాంతరంగా ఉంటే లంగరు అంత లోతుకు దిగుతుంది. లోతుకు ఏడింతల మోకు వదిలితే, అది తిన్నగా బిగిసినప్పటికీ నేలతో చేసే కోణం సుమారు 8 డిగ్రీలే. మూడింతలే వదిలితే దాదాపు 20 డిగ్రీలు, అంటే లంగరును మీరే పైకి పెకలిస్తున్నారన్నమాట. లోతు అంటే నీటి లోతు ఒక్కటే కాదు. నీరు 3 మీటర్లు, నీటి మట్టం నుంచి పడవ ముందుకొస దాకా 1 మీటరు, పోటుకు పెరగబోయే నీరు 2 మీటర్లు అనుకుంటే లెక్క వేయవలసినది 6 మీటర్లకు, వదలవలసినది 42 మీటర్లు. లోతు చూపే పరికరంలో కనిపించిన 3 మీటర్లనే చూసి 21 మీటర్లు వదిలిన పెద్దమనిషి, పోటు నిండేసరికి మూడున్నర ఇంతల మోకుతో వేలాడుతూ లంగరును తిట్టుకుంటాడు.

మోకుకు, లంగరుకు మధ్య కనీసం పడవ పొడవంత గొలుసు ఉండాలి. 6 మిల్లీమీటర్ల గాల్వనైజ్డ్ (జింకు పూత పూసిన) గొలుసు మీటరుకు ఒక కిలో లోపే తూగుతుంది కాబట్టి బరువని సాకు చెప్పనవసరం లేదు. పెద్ద గాలిలో ఆ గొలుసు కూడా తిన్నగా సాగిపోతుంది, దాని బరువు అప్పుడు పెద్దగా పనిచేయదు; కానీ తక్కువ గాలిలో అది కాడను నేలకు ఆనించి ఉంచుతుంది, రాళ్ళకూ పెంకులకూ ఒరుసుకొని మోకు తెగకుండా కాపాడుతుంది. మోకు నైలాన్‌దే కావాలి, ఎందుకంటే అది సాగి అలల కుదుపును మింగుతుంది. పాలీప్రొపిలీన్ తాడు చవకగా దొరుకుతుందని కొనకండి. అది నీటిపై తేలుతుంది, ఎండకు పెళుసెక్కుతుంది, చివరికి మీ ఇంజిన్ పంకాకు చుట్టుకుంటుంది.

ఇక్కడ పడవలు కట్టేవారి మీద కూడా ఒక మాట. అంత పొడవు మోకు, గొలుసు పట్టే అర చిన్న మోటారు పడవల్లో ఎన్నింటికి ఉంది? పానీయాలు పెట్టుకునే గుంటలు మాత్రం ప్రతి సీటు పక్కనా ఉంటాయి. మోకు కట్టే క్లీట్‌ను కొందరు ఫైబర్ పలకకు రెండు పొట్టి స్క్రూలతో బిగించి వదిలేస్తారు. 160 కిలోల కుదుపులకు లంగరు నిలిచినా ఆ క్లీట్ ఊడి వస్తుంది. పడవ ముందుభాగం కిందికి చేయి పెట్టి తడిమి చూడండి: పలక గుండా అవతలికి దిగిన బోల్టులు, వాటి వెనుక ఆనుగా మరో పలక లేకపోతే, కొత్త లంగరు కొనేముందు అవి వేయించండి.

లంగరును గిరగిర తిప్పి విసిరేవారు సినిమాల్లో బాగుంటారు. మీరు పడవను గాలికి ఎదురుగా ఆపి, లంగరును నేల తాకేదాకా నెమ్మదిగా దించి, పడవ వెనక్కు జరుగుతుండగా మోకు వదలండి, లేకపోతే గొలుసు కుప్పగా దాని మీదే పడి రెక్కలకు చుట్టుకుంటుంది. సగం వదిలాక కాస్త బిగించండి, పూర్తిగా వదిలాక ఇంజిన్‌ను మెల్లగా వెనక్కు నడిపి, కొద్దికొద్దిగా వేగం పెంచి, ఒడ్డున రెండు గుర్తుల వరుస చెదరలేదని చూసుకోండి. ఎంత తొందరలో ఉన్నా, ఎంత సౌకర్యంగా కనిపించినా వెనుక నుంచి లంగరు వేయవద్దు. ఔట్‌బోర్డ్ బరువంతా అక్కడే ఉంటుంది, అంచు అక్కడే తక్కువ ఎత్తులో ఉంటుంది, ఒక్క పెద్ద అల లోపలికి వస్తే తరువాతి అలకు పడవ ఇంకా కిందికి దిగి ఉంటుంది.

చివరగా షాకిళ్ళు, అంటే గొలుసును లంగరుకు కలిపే, పిన్నుతో మూసే లోహపు కొక్కేలు. మెరిసే స్టెయిన్‌లెస్ కన్నా గొలుసుతో సరిపోయే గాల్వనైజ్డ్ షాకిల్ తీసుకొని, దాని పిన్ను కొసన ఉన్న రంధ్రంలోంచి తీగ దూర్చి షాకిల్‌కే కట్టేయండి, లేకపోతే అది నెలల తరబడి కుదుపులకు మరలు విడిపోయి నీటిలోనే జారిపోతుంది. రాళ్ళలో లంగరు చిక్కుకునే అవకాశం ఉన్నచోట దాని తలభాగానికి వేరే తాడు కట్టి చిన్న తేలుబుర్ర వేస్తే, వెనుక నుంచి లాగి విడిపించవచ్చు. మోకు లోపలి కొసను పడవకు కట్టడం మరిచిపోకండి, ఆ ముడిని గొలుసుతో కాకుండా తాడుతోనే వేయండి, ఎందుకంటే మరో పడవ మీ మీదకు జారి వస్తున్నప్పుడు దానిని కత్తితో ఒక్క వేటున కోయగలగాలి.