ఊరు ఎంచుకునే ముందు సాయంత్రం నాలుగు గంటల వేళ చూడండి

విజయవాడ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం సారాంశం ఇది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు సింగ్ నగర్‌లో వారు అద్దెకున్న కింది వాటా మునిగిపోయింది. మేడమీది వారింట్లో నాలుగు రోజులు తలదాచుకుని, ఆ తర్వాత వేరే పేటకు మారారు. భర్త ఆటోనగర్‌లో ఒక విడిభాగాల దుకాణంలో లెక్కలు చూస్తారు. ఆమె గవర్నర్‌పేటలోని ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. వేసవి తర్వాత బాబు ఐదో తరగతికి, పాప ఒకటో తరగతికి వస్తారు. మంచి బడులున్న చిన్న ఊళ్లో ఇల్లు తీసుకుని, అక్కడి నుంచి రోజూ ఉద్యోగాలకు వచ్చిపోదామన్నంత వరకు ఆలుమగలది ఒకే మాట. అత్తగారు ఒంటరిగా ఉంటున్న తెనాలి వెళ్దామని భర్త, అక్క కుటుంబం ఉన్న మంగళగిరి అయితే మేలని ఆమె, కార్పొరేట్ బడులున్నాయి కాబట్టి గుంటూరు వెళ్లమని ఆమె అన్నగారు అంటున్నారు. ‘మా అమ్మ దగ్గర ఉండటం ఇష్టం లేకే ఊరికి వంకలు పెడుతున్నావు’ అని భర్త అన్న రోజు నుంచి ఇంట్లో ఈ విషయం మీద మాటలు లేవు.

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కదిలించిన వాక్యం ఊరి గురించినది కాదు. ఆకాశం మబ్బు పట్టిన ప్రతి రాత్రీ బాబు తన పుస్తకాల సంచినీ చెల్లెలి పుస్తకాలనూ బీరువా మీదికి ఎక్కించి పడుకుంటున్నాడని, ఎందుకురా అని అడిగితే మాట్లాడడని ఒక మూల రాశారు. దాని గురించి చివర్లో రాస్తాను. ముందు మీరు అడిగిన దానికి సమాధానం చెబుతాను, ఎందుకంటే మీ ఇంట్లో ఊరి ప్రశ్నా అత్తగారి ప్రశ్నా ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉన్నాయి, ఆ చిక్కు విప్పకుండా ఏ ఊరి పేరు పలికినా అది ఎవరో ఒకరిని తప్పుపట్టినట్టే వినిపిస్తుంది.

గుంటూరు మాట ఇక్కడితో వదిలేయవచ్చు. ఐదో తరగతి పిల్లవాడికి ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్ అవసరం లేదు, దాని కోసం ఇద్దరూ రోజూ అంత దూరం ప్రయాణం చేయవలసిన పని అంతకన్నా లేదు.

మిగిలిన రెండు ఊళ్ల విషయంలో కిలోమీటర్ల బదులు గంటలు లెక్కపెట్టండి. తెనాలి నుంచి విజయవాడకు సుమారు 30 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్ బండి కృష్ణ దాటి నలభై నిమిషాల్లో వచ్చేస్తుందని మీవారు అన్న మాట అబద్ధం కాదు. అయితే చదువుకునే రోజుల్లో ఆ దారిలో మూడేళ్లు తిరిగినదాన్ని కాబట్టి మిగతా సగం నేను చెబుతాను. ఆడవాళ్ల పెట్టెలో దుగ్గిరాల దాటేలోపు చిక్కుడుకాయలన్నీ ఒలిచి డబ్బాలో సర్దేసుకునే అక్కలు ఉండేవారు, ఎందుకమ్మా ఇంత తొందర అంటే, ఇంటికి చేరాక వండటానికే సమయం చాలదు, ఒలవడానికి ఎక్కడిది అనేవారు. అంతా సవ్యంగా నడిచిన బండిని కూడా కృష్ణా కెనాల్ స్టేషన్ దాటాక విజయవాడ బయటి సిగ్నల్ దగ్గర ఆపేస్తే, ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా నదిని చూస్తూ కూర్చోవడమే. సీజన్ టికెట్ చవకే గానీ రిజర్వేషన్ బోగీల్లో చెల్లదు, సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే పైన రుసుము కట్టాలి. మీరు స్టేషన్‌లో దిగి గవర్నర్‌పేటకు తొందరగానే చేరతారు, కానీ మీవారు అక్కడి నుంచి మళ్లీ బస్సెక్కి ఊరి ఆ చివరన ఉన్న ఆటోనగర్‌కు పోవాలి. ఇంటి గడప నుంచి దుకాణం గడపకు ఆయనకు గంటన్నరకు తక్కువ పట్టదు. మంగళగిరి అయితే జాతీయ రహదారి మీద ఉంది, బస్సులకు లోటు లేదు, ఇద్దరికీ కలిపి రోజుకు ఒక గంటకు పైగా మిగులుతుంది. ఆటోనగర్ ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే బందరు రోడ్డు మీది కంకిపాడు వైపు ఇంకా దగ్గర, కానీ అక్కడ మీకు తెలిసినవారు ఒక్కరూ లేరు.

ప్రయాణం లెక్క ఇలా మంగళగిరి వైపు మొగ్గుతుంటే, సాయంత్రం నాలుగింటి లెక్క తెనాలి వైపు మొగ్గుతోంది. బడి వదిలిన పిల్లలు నాలుగు దాటేసరికి ఇంటికి వస్తారు, మీరిద్దరూ ఏ ఊళ్లో ఉన్నా ఏడింటికి ముందు రాలేరు. ఆ మూడు గంటలు తలుపు తీసేవారు, పాలు కాచి ఇచ్చేవారు, దెబ్బ తగిలితే చూసేవారు ఎవరన్నది మీరు ఎంచుకునే బడి పేరు కన్నా పెద్ద ప్రశ్న. మీ అక్కా బావా ఇద్దరూ ఉద్యోగస్తులేనని మీరే రాశారు, అందువల్ల మంగళగిరిలో ఆ వేళకు మీకు ట్యూషన్ తప్ప మరో దారి ఉండదు. తొమ్మిదేళ్ల పిల్లవాడిని ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఏడు వరకు తరగతి గదుల్లోనే కూర్చోబెట్టే ఏర్పాటును, ఆ బడి ఎంత గొప్పదైనా, నేను మంచిదనలేను.

కాబట్టి నా సలహా తెనాలే, కానీ అత్తగారి ఇంట్లో కాదు. ఆమెది రెండు గదుల ఇల్లు. అందులో ఐదుగురు సర్దుకుంటే మూడు నెలల్లో వంటగది దగ్గర మొదలయ్యే చిరాకు అందరి మనసులనూ చేదు చేస్తుంది, ఆ చేదుకు మీరూ అత్తగారూ మంచివారు కావడం అడ్డురాదు. నాలుగడుగుల్లో నడిచిపోయే దూరంలో వేరే వాటా అద్దెకు తీసుకుని, ఒక ఏడాదికి అనుకుని వెళ్లండి. ఈ మాట మీవారితో చెప్పేటప్పుడు అత్తగారిలోని లోపాలు ఎత్తకుండా, ‘మీ అమ్మగారి దగ్గరలో ఉండటం నాకు సమ్మతమే, ఒకే వంటగది మాత్రం నాకు కష్టం’ అని రెండు ముక్కలూ కలిపి చెప్పండి. మొదటి ముక్క వినకుండా ఆయన రెండో ముక్క వినలేరు. ఆయన అన్న మాట మిమ్మల్ని గాయపరిచిందని నాకు తెలుస్తోంది, ఆ రోజు వరదలో ఫోన్లు కలవక, తల్లి క్షేమం తెలియక రెండు రోజులు అల్లాడిన మనిషి అన్న మాట అది అన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇంత పొడుగు ఉత్తరంలో అత్తగారి అభిప్రాయం ఒక్క వాక్యమైనా లేదు. అరవై దాటి, మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషికి రోజూ ఇద్దరు పిల్లల సాయంత్రాలు అప్పగించాలని మీ ఇద్దరిలో ఒకరు అనుకుంటున్నారు, వద్దని ఇంకొకరు అనుకుంటున్నారు, ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు. వచ్చే ఆదివారం మీరే వెళ్లి అడగండి. ఆమె వారానికి మూడు రోజులు చాలునంటే మిగతా రోజులకు ఆ వేళకు వచ్చి ఉండే మనిషిని పెట్టుకోండి, ఆ జీతం అద్దెతో పాటు ముందే లెక్కలో వేసుకోండి. తెనాలిలో ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి ఉంది, ప్రైవేటు ఆసుపత్రులకూ కొదవ లేదు. ల్యాబ్ పని తెలిసిన మీకు అక్కడే ఉద్యోగం దొరికితే మీ ప్రయాణమే తప్పుతుంది. అయితే ఆ కొత్త ఉద్యోగం చేతికి వచ్చాకే పాతది వదలండి. ఇంట్లో ఎవరైనా ముందు రాజీనామా ఇచ్చి తర్వాత చూసుకోమంటే ఒప్పుకోకండి.

ఇక బడి విషయం. ర్యాంకుల బ్యానర్లు చూసి లోపలికి వెళ్లకండి. ‘సీబీఎస్ఈ పద్ధతి’ అని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన అది సీబీఎస్ఈ బడి కాదు. అనుబంధ (అఫిలియేషన్) సంఖ్య అడిగి, అది ఆ బడి పేరిట, ఆ చిరునామాకే ఉందో లేదో బోర్డు వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. రాష్ట్ర సిలబస్ బడి అయితే ప్రభుత్వ గుర్తింపు పత్రమూ, ప్రతి బడికీ విడిగా ఉండే 11 అంకెల గుర్తింపు సంఖ్య, అంటే యూడైస్ కోడూ అడగండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతుల్లో 30 మందికి, ఆరు నుంచి ఎనిమిది వరకు 35 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలంటుంది. అదే చట్టం 13వ సెక్షన్ డొనేషన్‌నూ, చేర్చుకునే ముందు పిల్లవాడికీ తల్లిదండ్రులకూ పరీక్ష పెట్టి వడపోయడాన్నీ నిషేధించింది, కాబట్టి మీ బాబుకు ప్రవేశ పరీక్ష పెడతామన్నా, మీ ఇద్దరి ఇంగ్లీషును పరీక్షిస్తామన్నా ఆ బడి మీకు అక్కర్లేదు. పాత బడి బకాయిలు తీర్చి టీసీ, మార్కుల పత్రాలు ఏప్రిల్‌లోనే తీసుకోండి. అన్నిటికన్నా ముందు, ఏదైనా ఒక పనిరోజు సాయంత్రం బడి వదిలే వేళకు గేటు బయట అరగంట నిలబడండి. బయటికి వచ్చే పిల్లల ముఖాలు, వాళ్లను ఆయాలు ఆటోల్లోకి ఎక్కించే తీరు, ఒక్కో ఆటోలో ఎంతమంది కూర్చుంటున్నారన్నది మీకు ఏ ప్రిన్సిపాల్ చెప్పలేని సంగతులు చెబుతాయి. ప్రభుత్వ ఉన్నత పాఠశాలను, మున్సిపల్ బడిని కూడా ఒకసారి వెళ్లి చూడమని నా మనవి, చూడకుండానే వద్దనుకోకండి.

నీళ్ల భయం ఏ ఊరు మారినా వెంట వస్తుంది. తెనాలి కాలువల ఊరు, డెల్టా నడిమధ్యన ఉంది. అందువల్ల ఊరు సురక్షితమా అని అడిగితే జవాబు దొరకదు, ఆ వీధి గురించి అడగాలి. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు రోడ్డు కన్నా గుమ్మం ఎంత ఎత్తులో ఉందో చూడండి, గోడ అడుగున పాత నీటి చార ఏమైనా ఉందేమో చూడండి, 2024 వానలకు ఇక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయని ఇంటి యజమానిని కాకుండా ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు ఆయనను అడగండి. అద్దె కొంచెం ఎక్కువైనా మీరు మేడమీది వాటాయే తీసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

ఆ మాట బాబు కోసం. సంచి బీరువా మీద పెడితే దింపకండి, నీళ్లు రావులే అని కొట్టిపారేయకండి. ఒకసారి వచ్చాయి, వాడు కళ్లారా చూశాడు. దానికి బదులు వాడితో కూర్చుని, వాన ఎక్కువైతే మనం ఏం తీసుకుంటాం, ఎవరికి ఫోన్ చేస్తాం, ఎక్కడికి వెళ్తాం అని కాగితం మీద రాయించండి. అందులో వాడికి ఒక పని అప్పగించండి, చెల్లెలి పుస్తకాలు వాడి బాధ్యత అనే రాసుకోనివ్వండి. నిద్రలో ఉలిక్కిపడటం, పక్క తడపడం, బడికి వెళ్లనని మొండికేయడం వంటివి ఉంటే మాత్రం ఊరు మారేదాకా ఆగకుండా ఇప్పుడే పిల్లల మానసిక వైద్యులకు చూపించండి.

ఇల్లు ఖాయం చేసే ముందు, ఏదైనా ఒక సోమవారం మీరిద్దరూ తెనాలి నుంచి బయల్దేరి నిజంగానే డ్యూటీకి వెళ్లి, రాత్రికి తిరిగి వచ్చి చూడండి. అడ్వాన్సు ఇచ్చే రోజున బాబును వెంట తీసుకువెళ్లి, వాడితో మెట్లు ఎక్కించి, కిటికీలోంచి కింది వీధి ఎంత దూరంగా ఉందో చూడనిచ్చి, నీ పుస్తకాలు ఏ అరలో పెట్టుకుంటావని వాడినే అడగండి.