చెట్టు లేని నీడ

భావగీతాలు, పట్టుకుందామంటే జారిపోయే నైరూప్య కవితలు చెవికి బాగుంటాయి గానీ వాటిలో మనిషి కనిపించడు, ఎక్కడ వెతకాలని కదా అడిగారు. నేనూ చాన్నాళ్ళు ఈ అవస్థ పడ్డవాణ్ణే. మాది ఉద్దానం, సోంపేట దగ్గర.

డిగ్రీలో ఉండగా స్నేహితుడొకడు తన నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు. ఎనిమిది లైన్ల కవిత. చెట్టు లేని నీడ ఒకటి ఊరంతా తిరుగుతూ తన చెట్టెక్కడని అడుగుతుంది. అంతే. పరీక్షల గైడు అలవాటు కదా, నీడంటే మరణమా, చెట్టంటే దేశమా అని లెక్క కట్టాను. కుదర్లేదు. "శబ్దం బాగుందిరా" అని తిరిగిచ్చేశాను. అర్థం కానప్పుడు అందరం అనే మాటే అది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా తోటలో కొబ్బరి, జీడి, పనస అన్నీ నేలకూలాయి. కొబ్బరి మళ్ళీ నాటితే కాపుకి అయిదారేళ్ళయినా ఆగాలి. వారం తర్వాత మధ్యాహ్నం వెళ్తే అమ్మ క్యారేజీ విప్పుకుని నడి ఎండలో తింటోంది. నాలుగడుగుల్లో పాక నీడ ఉంది.

"అమ్మా, ఇటొచ్చి కూకో" అన్నాను.

"ఏటిరా బావూ, రోజూ ఈ నీడలోనే కదేటి తింతాను" అంది. అని, పైకి చూసి ఊరుకుంది.

ఆ ఎనిమిది లైన్లూ అప్పుడు తగిలాయి నాకు. నీడంటే ఫలానా అని తేలలేదు, ఇప్పటికీ తేలదు. చెట్టు పోయినా దాని కిందికే వెళ్ళే కాళ్ళు మాత్రం కనిపించాయి.

అలంకారశాస్త్రంలో "గంగలో పల్లె" అని ఒక ఉదాహరణ ఉంది. నదిలో ఊరుండదు కాబట్టి ఒడ్డున అనుకోవాలి. మరి ఒడ్డునని చెబితే సరిపోదా? సరిపోదు, ఆ చల్లదనం, పవిత్రత రావు. 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ అన్న ధ్వని, అంటే పైకి చెప్పకుండానే స్ఫురించే అర్థం, ఇలాంటిదే. మా తెలుగు మాస్టారు ఇది చెప్పి నవ్వేవారు: "వంశధార ఒడ్డునున్నవాడితో ఏట్లో ఊరని అనండి, చల్లదనం కాదు, వరద గుర్తొస్తుంది."

నేనిప్పుడు ముందు పైకి చదువుతాను. నామవాచకాల జోలికి పోకుండా క్రియలు చూస్తాను. ఎవరు అడుగుతున్నారు, ఎవరు ఆగిపోయారు? ఆ కవితలో మనిషంతా "అడుగుతుంది"లో ఉన్నాడు, నేను నీడ దగ్గరే ఆగిపోయాను. కొన్నిట్లో నిజంగానే ఎవరూ ఉండరు. వాటిని మొహమాటం లేకుండా పక్కన పెట్టేస్తాను.

మొన్న సంక్రాంతికి ఆ కవిత రాసిన స్నేహితుడికి అమ్మ సంగతి చెప్పాను. వాళ్ళ నాన్న పనికోసం అండమాన్ వెళ్ళిపోయిన ఏడాది రాశాట్ట అది. నోటుబుక్కు ఓసారి ఇమ్మన్నాను. తిత్లీ రాత్రి తడిసి ముద్దయిపోయిందన్నాడు.