నల్లతెర అంటే భయం వద్దు

విజయనగరం,
ఆదివారం మధ్యాహ్నం.

చి. అమ్మలుకి అత్త దీవెనలు.

నిన్న రాత్రి ఫోనులో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. ల్యాబులో సిస్టమ్ హ్యాంగ్ అయిందని, మౌసు కదలకపోతే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశానని చెప్పావు. ఈ వారంలో అది నాలుగోసారట. ఒకసారైతే పోనీలే అనుకుందును. నాలుగుసార్లంటే చెయ్యి దానికి అలవాటు పడిపోయిందన్నమాట. డిస్కు మీద రాత నడుస్తుండగా కరెంటు తీసేస్తే ఫైలు సగంలోనే ఉండిపోతుంది. పిల్లల రికార్డులన్నీ ఆ డిస్కుల్లోనే ఉన్నాయి కదా తల్లీ. ఫోనులో వివరంగా చెబుదామంటే మధ్యలో మీ నాన్న అందుకుంటాడు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నువ్వు రోజూ చూసే బొమ్మల తెర లైనక్స్ మీద నడిచే ఒక ప్రోగ్రాం, అంతే. అది బిగుసుకుపోయినంత మాత్రాన కింద సిస్టమ్ ఆగిపోయినట్టు కాదు. దాని వెనకాలే నల్లటి తెరలు ఇంకో నాలుగైదు నీ లాగిన్ కోసం సిద్ధంగా ఉంటాయి. వాటినే వర్చువల్ కన్సోళ్లు అంటారు. పాతరోజుల్లో ఒక పెద్ద కంప్యూటరుకి చాలా టెలిటైపు యంత్రాలు తగిలించి, ఒక్కోదాని ముందు ఒక్కో మనిషి కూర్చుని పనిచేసుకునేవారు. ఈ నల్లతెరలకున్న టీటీవై అన్న పేరు ఆ టెలిటైపు నుంచి వచ్చిందే. ఇప్పుడున్నది ఒకే కీబోర్డు, ఒకే మానిటరు. వాటినే కెర్నల్, అంటే లైనక్స్ గుండెకాయ, టీటీవై1, టీటీవై2 అంటూ విడివిడిగా పంచి చూపిస్తుంది. లెక్కకి 63 దాకా పెట్టుకోవచ్చు గానీ మన ల్యాబుకి ఆరు చాలు.

ఈసారి సిస్టమ్ బిగుసుకుంటే కంట్రోల్, ఆల్ట్ రెండూ పట్టుకుని ఎఫ్6 నొక్కు. ఆరే ఎందుకంటే, సర్వీసుల్ని నడిపించే సిస్టమ్‌డీ ఉన్న లైనక్సుల్లో లాగిన్‌డీ అనే సర్వీసు ఆరో తెరని ఇంకెవరూ ఆక్రమించకుండా లాగిన్ కోసమే అట్టేపెడుతుంది. ఆ సంగతి ఈటీసీ కింద సిస్టమ్‌డీ డైరెక్టరీలోని లాగిన్‌డీ కాన్ఫ్ ఫైల్లో 'రిజర్వ్‌వీటీ' అన్న వరస దగ్గర ఉంటుంది. దాని పైనే 'ఎన్ఆటోవీటీస్' ఉంటుంది, ఎన్ని తెరల మీద లాగిన్ అడగాలో అది చెబుతుంది. రెండిటికీ మామూలుగా ఉండే విలువ 6. వాటిని కదపకు. ఒకటి, రెండు నంబర్లు నమ్ముకోకు. ఉబుంటు, ఫెడోరా అనే లైనక్స్ రకాల్లో గ్నోమ్ అనే బొమ్మల తెర వాడితే లాగిన్ బొమ్మ ఒకటిలో, నీ పని రెండులో ఉంటాయి. మా రోజుల్లో బొమ్మల తెర ఏడులో ఉండేది. నల్లతెర మీదకి వచ్చాక కంట్రోల్ అక్కర్లేదు, ఆల్ట్‌తో ఎఫ్ కీ నొక్కితే ఆ నంబరు తెరకి వెళ్తావు, ఆల్ట్‌తో బాణం కీ నొక్కితే పక్కదానికి. ల్యాప్‌టాపు అయితే ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాల్సి రావచ్చు. ఇంకో సిస్టమ్ లోపల వర్చువల్‌బాక్స్ ప్రోగ్రాంలో నడిచే లైనక్స్ అయితే కుడివైపు కంట్రోల్‌తో ఎఫ్6. కంట్రోల్ ఆల్ట్ నొక్కావంటే బయటి సిస్టమే దాన్ని తీసేసుకుంటుంది.

లాగిన్ అని అడుగుతుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనబడవు, కీబోర్డు పనిచెయ్యట్లేదనుకుని మళ్లీ మొదలుపెట్టకు. సరైన పాస్‌వర్డే కొట్టినా తప్పంటోందంటే, లైనక్స్ ఎక్కించేటప్పుడు ఎవరో కీబోర్డు దగ్గర బ్రిటన్‌ది ఎంచుకుని ఉంటారు. అందులో ఎట్ గుర్తూ, డబుల్ కోట్ గుర్తూ చోట్లు మారిపోతాయి. లాగిన్ పేరు అడిగే చోట షిఫ్ట్ 2 ఒక్కటే కొట్టి చూడు, డబుల్ కోట్ పడిందంటే సంగతి అదే. పాస్‌వర్డ్ మొత్తం అక్కడ కొట్టకు సుమా, వెనక నిలబడ్డవాళ్లకి కనిపిస్తుంది. లోపలికి వెళ్లాక 'లోడ్‌కీస్ యూఎస్' కొడితే అప్పటికి సర్దుకుంటుంది. శాశ్వతంగా మార్చాలంటే డెబియన్, ఉబుంటుల్లో 'డీపీకేజీ రీకాన్ఫిగర్'తో కీబోర్డ్ కాన్ఫిగరేషన్ మళ్లీ తెరువు. ఫెడోరా అయితే 'లొకేల్‌సీటీఎల్ సెట్ కీమ్యాప్' చాలు.

లోపలికి వెళ్లాక కంగారు పడకుండా 'టాప్' కొట్టు. సీపీయూనో మెమరీనో ఎవరు మింగేస్తున్నారో పై వరసల్లోనే కనిపిస్తుంది. చాలాసార్లు అది వంద ట్యాబులు తెరిచిన బ్రౌజరే అయ్యుంటుంది. దాని పీఐడీ, అంటే ప్రాసెస్ నంబరు, చూసుకుని మామూలు 'కిల్' కొట్టి పది సెకన్లు ఆగు. మైనస్ 9 వెంటనే వాడకు. మామూలు కిల్ ప్రోగ్రాముకి సర్దుకుని వెళ్లే వ్యవధి ఇస్తుంది, 9 ఇవ్వదు. బొమ్మల తెరే చచ్చిపోయి ఉంటే 'సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ డిస్‌ప్లే మేనేజర్'. కాకపోతే ఆ సిస్టమ్ ముందు కూర్చున్న పిల్ల సేవ్ చేసుకోని పని పోతుంది, కాబట్టి ముందు ఆమెతో ఒక మాట చెప్పి మరీ కొట్టు.

కంట్రోల్ ఆల్ట్ ఎఫ్6కి కూడా పలకలేదనుకో. ఆల్ట్ పట్టుకుని ప్రింట్‌స్క్రీన్ కీ, దాంతో ఆర్ నొక్కు. బొమ్మల తెర చేతిలోంచి కీబోర్డుని కెర్నల్ వెనక్కి లాక్కుంటుంది. అప్పుడు మళ్లీ ఎఫ్6 ప్రయత్నించు. అదీ కాకపోతే పక్క సిస్టమ్ నుంచి నెట్‌వర్క్ గుండా ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లు. ఏదీ పనిచెయ్యనప్పుడు అదే ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్‌తో వరసగా ఎస్, యు, బి, మధ్యలో కాసేపు ఆగుతూ. ఎస్ డిస్కుకి రాయాల్సింది రాసేస్తుంది, యు డిస్కుని చదవడానికి మాత్రమే ఉంచుతుంది, బి రీబూట్ చేస్తుంది. కొన్ని లైనక్సుల్లో ఈ కీలు కొన్ని ఆపేసి ఉంచుతారు, మీ ల్యాబులో ఏవి పనిచేస్తాయో సెలవురోజున చూసి ఉంచుకో. పవర్ బటన్ వీటన్నిటి తర్వాత.

ఇదంతా నాకు ఎక్కడ ఒంటబట్టిందో చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడా చెట్లూ స్తంభాలూ కూలిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటరు మీద రోజుకి రెండు గంటలు ల్యాబు తెరిచేవాళ్లం. ఇంటర్నల్ మార్కులున్న సిస్టమ్ ఆన్ చేస్తే నల్లగా వచ్చి, ఎడమవైపు పైమూల చిన్న గీత మాత్రం మిణుకుమిణుకుమంటూ ఉండిపోయింది. నాతో పనిచేసే ఆయన 'ఇంక లాభం లేదండీ, ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించేద్దాం' అని సీడీ బయటికి తీశాడు. గుమ్మంలోంచి అటెండరు 'బేగి కానీండమ్మా, డీజిలు అయిపోతంది' అని తొందర. నేను కంట్రోల్ ఆల్ట్ ఎఫ్2 నొక్కాను. సిస్టమ్ పేరు, పక్కన టీటీవై2, కింద లాగిన్ అన్న మాట. ఆ ఒక్క మాట చూసేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న ఖాతాతో, వెళ్లి 'డీఎఫ్ మైనస్ హెచ్' కొడితే సిస్టమ్ ఉండే రూట్ పార్టిషన్ ఎదురుగా 100 శాతం, అంటే నిండిపోయింది. బొమ్మల తెర లేచేటప్పుడు చిన్నచిన్న ఫైళ్లు రాసుకుంటుంది, రాసుకునే చోటు లేక ఆగిపోయింది. ముందు మార్కుల ఫైలు పెన్‌డ్రైవులోకి కాపీ చేశాను. తర్వాత వార్ కింద లాగ్ డైరెక్టరీలో 'డీయూ'తో వెతికితే ఒకే ఒక్క లాగ్ ఫైలు కొండలా పెరిగి ఉంది. ఆయన 'ఆర్ఎం కొట్టేయండి' అన్నాడు. అలా చెయ్యకూడదు అమ్మలూ. ఆ ఫైలుని ఏదో ప్రోగ్రాం తెరిచి పట్టుకుని ఉన్నంతసేపూ పేరు పోతుంది గానీ చోటు తిరిగి రాదు. 'ట్రంకేట్'తో సైజు సున్నా చేశాను. రీబూట్ చేస్తే బొమ్మల తెర మామూలుగా వచ్చింది. సీడీ మళ్లీ బీరువాలోకి వెళ్లింది. 2018లో తిత్లీ పలాస వైపు దాటినప్పుడు మీ జిల్లా ఎన్నాళ్లు చీకట్లో ఉందో నీకు తెలుసు. అందుకే అక్టోబరు రాకముందే ఇవన్నీ నీ చేతికి అలవాటు కావాలని నా ఆరాటం.

ఇక తెర సంగతి. కొత్త మానిటర్ల మీద ఆ అక్షరాలు చీమల్లా ఉంటాయి, చదవలేక చాలామంది వాడటమే మానేస్తారు. డెబియన్, ఉబుంటుల్లో 'డీపీకేజీ రీకాన్ఫిగర్ కన్సోల్ సెటప్' అని కొట్టి, టెర్మినస్ ఫాంటు, 16 బై 32 సైజు ఎంచుకో. ఫెడోరాలో ఈటీసీ కింద వీకన్సోల్ కాన్ఫ్ ఫైల్లో ఫాంట్ అన్న వరసలో పేరు రాయాలి. ఇంకోటి, షిఫ్ట్ పేజ్‌అప్‌తో పైకి జరిపి చూసే వీలు 2020లో వచ్చిన 5.9 కెర్నల్ నుంచి తీసేశారు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది, ఎన్నిసార్లు ఆదుకుందో. ఇప్పుడు పొడుగ్గా వచ్చే దేన్నైనా 'లెస్' గుండా పంపి చదువు, లేకపోతే పైకి జరిపి చూసుకునే వీలున్న 'టీమక్స్' ముందే తెరుచుకో.

తెలుగు మాత్రం ఆ తెర మీద కుదరదు. ఒకేసారి 512 అక్షర రూపాలకి మించి పట్టవు, ఒత్తులూ గుణింతాలూ కలిపి చూపించే ఏర్పాటే లేదు. పిల్లలు తెలుగులో పేరు పెట్టిన ఫైళ్లు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. ఫైలు పాడైపోయిందనుకోకు. 'ఎల్ఎస్ మైనస్ ఐ' కొడితే ప్రతి పేరు ముందూ ఐనోడ్ నంబరు, అంటే డిస్కులో ఆ ఫైలుకున్న గుర్తు నంబరు, వస్తుంది, 'ఫైండ్'లో ఐనమ్ అని ఆ నంబరు ఇచ్చి కాపీ చేసుకో. కూడా ఉన్న మిగతా ఫైళ్లలోంచి దాన్ని పోల్చుకోవడానికి తేదీ, సైజు చూస్తే సరిపోతుంది.

ల్యాబు కాబట్టి ఒక జాగ్రత్త గట్టిగా చెబుతున్నాను. బొమ్మల తెరకి తాళం వేస్తే నల్లతెరలకి పడదు. నువ్వు టీటీవై6లో రూట్‌గా లాగినై అలా వదిలేసి టీకి వెళ్లావంటే, మూడు కీలతో ఏ పిల్లాడైనా రూట్ అయిపోతాడు. మా ల్యాబులో ఒకసారి అలాగే జరిగింది, సెమిస్టరు ప్రాజెక్టులు కొన్ని పోయాయి, ఆ పిల్లల ముఖాలు నేను మర్చిపోలేను. పని అవగానే 'ఎగ్జిట్'. కాసేపే వెళ్లొస్తానంటే 'వీలాక్ మైనస్ ఏ', అది అన్ని తెరలకీ తాళం వేస్తుంది. సాయంత్రం ల్యాబు మూసేముందు ఒక్కో సిస్టమ్‌లో 'హూ' కొట్టి టీటీవైల మీద ఎవరైనా మిగిలారేమో చూడు. నల్లతెర మీద లాగిన్ అడుగుతున్నది నిజమైన లాగినో, పాస్‌వర్డ్ కాజేయడానికి ఎవరో రాసిపెట్టిన దొంగ ప్రోగ్రామో అని అనుమానం వస్తే ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్, కె నొక్కు. ఆ తెర మీదున్న ప్రోగ్రాములన్నీ చచ్చి అసలు లాగిన్ వస్తుంది. ఆటోలాగిన్ పెట్టమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకు.

మూలనున్న పాత సర్వరులో ఉన్నది లైనక్స్ కాదు, ఫ్రీబీఎస్‌డీ అనే వేరే సిస్టమ్ అన్నావు. అక్కడ పద్ధతి వేరు. ఈటీసీలో టీటీవైస్ అనే ఫైలుంటుంది, ఒక్కో తెరకి ఒక్కో వరస. టీటీవైవీ0 నుంచి 7 దాకా ఎనిమిది తెరలు. పేర్లు సున్నా నుంచి మొదలవుతాయి, కీలు ఎఫ్1 నుంచి. కాబట్టి ఎఫ్3 నొక్కితే వచ్చేది టీటీవైవీ2. అక్కరలేని వరసలో ఆన్ తీసి ఆఫ్ రాసి, ఒకటో నంబరు ప్రాసెస్ అయిన ఇనిట్‌కి హెచ్‌యూపీ అనే సిగ్నల్ పంపితే అది ఆ ఫైలుని మళ్లీ చదువుకుంటుంది, రీబూట్ అక్కర్లేదు. అక్కడ స్క్రోల్‌లాక్ నొక్కి పేజ్‌అప్‌తో పైకి వెళ్లి చదువుకోవచ్చు. కన్సోల్ అన్న వరసలో సెక్యూర్ బదులు ఇన్‌సెక్యూర్ పెడితే మరమ్మతు కోసం వాడే సింగిల్ యూజర్ మోడ్‌లోకి వెళ్లేవాళ్లని కూడా రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే మీకూ దారి కష్టమవుతుంది, అందుకని కాగితం మీద రాసి, కవరు అంటించి, మీ ప్రిన్సిపాల్ గారి బీరువాలో పెట్టించాకే మార్చు.

రేపు ల్యాబు తెరవగానే పిల్లలు రాకముందు ఒక్కో సిస్టమ్ దగ్గరా కంట్రోల్ ఆల్ట్ ఎఫ్6 నొక్కి లాగిన్ వస్తోందో లేదో చూసుకుంటూ వెళ్లు. రానివాటి నంబర్లు రాసుకుని సాయంత్రం ఫోను చెయ్యి. సిరిమాను పండక్కి ఎలాగూ వస్తావు కదా, ముందురోజే వచ్చి నీ ల్యాప్‌టాపు కూడా పట్టుకురా. ఫాంటు సంగతి మనిద్దరం కూర్చుని చూద్దాం.

మీ నాన్నని మందులు వేళకి వేసుకోమను.

అత్త