చిక్కిపోయిన ముసలి గుర్రాన్ని తేర్చుకోవడం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

తిండి లేక శల్యమైపోయిన ముసలి గుర్రాన్ని నీవు తెచ్చుకుని ఆదుకుంటున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. బయటికి కనబడుతున్న దాని పక్కటెముకలు చూసిన క్షణం నుంచి కడుపునిండా దాణా పెట్టాలని నీ మనసు కొట్టుకుంటూ ఉంటుంది. ఆ కోరికను కనీసం పది రోజులపాటు అదుపులో పెట్టుకొమ్మని చెప్పడానికే ముఖ్యంగా ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇన్నాళ్లు ఆకలిని తట్టుకుని బతికిన జీవం, తీరా కాపాడినవారు ప్రేమతో పెట్టిన తిండి వల్లనే ప్రాణం విడిచే ప్రమాదం నిజంగా ఉంది.

చాలాకాలం మేత దొరకని గుర్రం మొదట ఒంట్లోని కొవ్వునూ, అది అయిపోయాక కండనూ కరిగించుకుని బతుకుతుంది. ఆ స్థితిలో ధాన్యమో, తీపి కలిపిన దాణానో ఒక్కసారిగా పెడితే రక్తంలో చక్కెర పెరిగి, దాని వెంట ఇన్సులిన్ ఎగసి, అసలే తక్కువగా ఉన్న ఫాస్ఫరస్, మెగ్నీషియం, పొటాషియం రక్తాన్ని వదిలి కణాలలోకి వెళ్లిపోతాయి. ఆ కొరత వల్ల గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు పనిచేయడం మానేసి, మేత మొదలుపెట్టిన మూడు నుంచి ఐదు రోజుల్లో గుర్రం కుప్పకూలవచ్చు. కాబట్టి ఒకటి రెండు రోజులు బాగా తిన్నదని నిశ్చింతగా ఉండవద్దు. అపాయం ఆ తరువాతే వస్తుంది.

డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పశువైద్యులు చిక్కిన గుర్రాలకు వేర్వేరు మేతలు పెట్టి పోల్చి చూసి, మంచి రకం ఎండు లూసర్న్ (అల్ఫాల్ఫా) గడ్డి మేలని తేల్చారు. అందులో పిండిపదార్థం తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ, కావలసిన ఖనిజాలూ ఉంటాయి. మొదటి మూడు రోజులు నాలుగు గంటలకొకసారి, రాత్రుళ్లు కూడా తప్పకుండా, సుమారు అర కిలో చొప్పున పెట్టు. నాలుగో రోజు నుంచి మేతను కొద్దికొద్దిగా పెంచుతూ, పూటల సంఖ్యను తగ్గిస్తూ పోతే, పదో రోజు దాటాక అది తినగలిగినంత గడ్డి ముందు వేయవచ్చు. ధాన్యం మాట మాత్రం ఇంకొన్ని వారాలు తలపెట్టకు. ముసలి గుర్రానికి మూత్రపిండాల జబ్బో, కాలేయపు జబ్బో ఉంటే లూసర్న్ సరిపడకపోవచ్చు కనుక, మొదటి రోజే పశువైద్యుని పిలిపించి రక్తపరీక్ష చేయించి, ఆయన సమ్మతితోనే ఈ క్రమాన్ని పాటించు. శుభ్రమైన నీళ్లు ఎల్లవేళలా అందుబాటులో ఉండాలి. చలికాలంలో గోరువెచ్చగా ఇస్తే ఎక్కువ తాగుతుంది.

వయసు మళ్లిన గుర్రం చిక్కిపోవడానికి మేత లేకపోవడమే కారణం కానక్కరలేదు. మేత ముందున్నా నమలలేకపోవడం కూడా కావచ్చు. గుర్రం పళ్లు జీవితమంతా చిగుళ్లలోంచి కొద్దికొద్దిగా బయటికి వస్తూ, అరుగుతూ ఉంటాయి. చిగుళ్ల లోపల నిలవ ఉన్న పంటి భాగం అయిపోయిన ముసలితనంలో కొన్ని ఊడిపోతాయి, కొన్ని వాడిగా మొనదేలి బుగ్గను, నాలుకను కోస్తాయి. సగం నమిలిన గడ్డి ముద్దలు నోట్లోంచి రాలిపడుతున్నాయా, లద్దెలో పొడవైన గడ్డిపోచలు అలాగే వస్తున్నాయా, ఒక పక్కకే తల వంచి నములుతున్నదా అని గమనించు. ఆ వాడి మొనలను ఆకురాయితో అరగదీయించాలంటే మత్తుమందు ఇవ్వవలసి వస్తుంది, బలహీనపడిన గుర్రానికి అది మంచిది కాదు. కాస్త బలం పుంజుకునేదాకా ఆగి, అంతవరకు లూసర్న్ గుళికలను నీళ్లలో బాగా నానబెట్టి మెత్తని జావలా పెట్టు. ఎండు గుళికలను మాత్రం ఎప్పుడూ పెట్టకు, ఎందుకంటే అవి అన్నవాహికలో అడ్డుపడవచ్చు. తిన్నది ముక్కు రంధ్రాలలోంచి కారుతూ, గుర్రం మెడ చాచి ఇబ్బంది పడుతుంటే, వెంటనే మేతా నీళ్లూ తీసివేసి వైద్యునికి కబురు పెట్టు.

నట్టల మందు విషయంలోనూ తొందర కూడదు. పురుగులు నిండిన పేగుల్లో అవన్నీ ఒక్కసారి చస్తే కడుపునొప్పి పుట్టవచ్చు. ముందు లద్దె పరీక్ష చేయించి, ఏ మందు ఎప్పుడు పోయాలో వైద్యుణ్ణే నిర్ణయించనివ్వు. ధనుర్వాతం టీకా గురించి కూడా ఆయన్నే అడుగు. గుర్రాలకు ఆ జబ్బు చాలా తేలికగా సోకుతుంది. పెరిగి వంకరపోయిన గిట్టలను ఒకే విడతలో సరిచేయించకుండా, వారాల తరబడి కొంచెం కొంచెంగా కోయించాలి. కీళ్లు పట్టేసిన ముసలి గుర్రం ఒక కాలు ఎత్తి ఎక్కువసేపు నిలవలేదు, కోసేవారికి ఆ సంగతి ముందే చెప్పు.

ఎండాకాలం వచ్చినా ఊడని పొడవాటి వంకీల బొచ్చు ఉంటే, అది పిట్యూటరీ గ్రంథికి సంబంధించిన కుషింగ్స్ జబ్బు కావచ్చు. అది ఉన్న గుర్రానికి గిట్టల లోపల వాపు వచ్చే ముప్పు ఎక్కువ. రక్తపరీక్షతో తేలితే పెర్గోలైడ్ అనే మాత్ర రోజూ, జీవితాంతం వేయవలసి ఉంటుంది.

రోజూ ఉదయం ఒకే వేళకు జ్వరం, నాడి, శ్వాస చూసి పుస్తకంలో రాసి పెట్టుకో. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఉష్ణోగ్రత సుమారు 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్, నాడి నిమిషానికి 28 నుంచి 44, శ్వాస 8 నుంచి 16 ఉండాలి. లద్దె ఆగినా, నేలను గీరుతూ పదేపదే డొక్కవైపు తిరిగి చూసినా, పడుకుని లేవలేకపోయినా, రాత్రి అని సంకోచించకుండా వైద్యుణ్ణి పిలువు.

ఇతర గుర్రాలున్న చోట మొదటి రెండు మూడు వారాలు దీన్ని వేరుగా ఉంచాలి, అయితే అవి కంటికి కనిపించేటట్లు ఉంచు. గుర్రం మందతో బతికే జీవి, ఒంటరితనం దానికి భరించరానిది. ఇప్పుడు అది నోరెత్తకుండా నీ వెంట నడుస్తున్నదంటే దాని స్వభావం అదేనని నిర్ధారించుకోకు. బలం వచ్చాక తన్నవచ్చు, బెదరవచ్చు, నీవు ఎరగని గుర్రంగా మారవచ్చు. అందుకే మాలీసు చేసేటప్పుడు, తాడు పట్టేటప్పుడు నెమ్మదైన పద్ధతులను ఇప్పటినుంచే అలవాటు చేయి. జీను వేయడం గురించి ఈ ఏడాది ఆలోచించకు; దాని వీపు, కీళ్లు ఇక ఎన్నడూ బరువు మోయలేకపోయినా నీవు చేసిన పని తక్కువది కాదు.

ఒంటికి మామూలు బరువు రావడానికి మూడు నుంచి ఐదు నెలలు, ముసలిదానికి అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. బొచ్చు ఎముకలను కప్పేస్తుంది కనుక కంటితో చూసి సరిపెట్టుకోక, పక్కటెముకలను చేత్తో తడిమి చూడు. ముందుకాళ్ల వెనుకగా ఛాతీ చుట్టుకొలతను, భుజపు మొన నుంచి పిరుదు మొన వరకు పొడవును సెంటీమీటర్లలో కొలిచి, చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే దాదాపుగా కిలోల బరువు వస్తుంది. పదిహేను రోజులకొకసారి ఈ లెక్కను, పక్కనుంచి తీసిన ఫోటోను నాకు పంపు. బరువు నిలిచిపోయినట్లు కనబడితే పళ్లను, రక్తాన్ని మళ్లీ పరీక్ష చేయించడం గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న