సిలికాన్ మాడ్యులేటర్‌పై నింద, ఫర్మ్‌వేర్‌పై నిర్లక్ష్యం

ప్రశ్న: మా డేటా సెంటర్‌లో 400 గిగాబిట్ డీఆర్4 ఆప్టికల్ మాడ్యూళ్లు (నాలుగు లేన్లలో, అంటే నాలుగు సమాంతర దారుల్లో, డేటాను కాంతిగా మార్చి ఫైబర్‌లో పంపే పరికరాలు) వాడుతున్నాం. మధ్యాహ్నం పూట కొన్ని లింకుల్లో ఎఫ్‌ఈసీ (ప్రసారంలో దొర్లే బిట్ల తప్పులను సరిదిద్దే పద్ధతి) సరిచేసే దోషాల సంఖ్య బాగా పెరుగుతోంది. వాటిలో కాంతిపై డేటాను ముద్రించే సిలికాన్ మాడ్యులేటర్లు వేడికి ఆగవని అంటున్నారు. మా స్విచ్‌కు సరిపడేలా రీకోడ్ చేసిన పాత మాడ్యూళ్లు చౌకగా వస్తున్నాయి. వాటిని కొనవచ్చా?

జవాబు: ఇదే ఫిర్యాదు రకరకాలుగా వస్తూనే ఉంది, నింద మాత్రం ప్రతిసారీ సిలికాన్ మీదే పడుతోంది. లిథియం నియోబేట్ అనే స్ఫటికంలో లాగా వోల్టేజీ ఇవ్వగానే వక్రీభవన గుణకం (పదార్థం కాంతి వేగాన్ని ఎంత తగ్గిస్తుందో చెప్పే సంఖ్య) నేరుగా మారే లక్షణం సిలికాన్‌కు సహజంగా లేదన్నది నిజమే. అందుకే 1987లో పరిశోధకులు సోరెఫ్, బెన్నెట్ లెక్కగట్టి చూపిన దారిని పట్టారు: ఎలక్ట్రాన్లు, హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు) సాంద్రతను మారిస్తే ఆ గుణకం అతి స్వల్పంగా మారుతుంది. మాక్-జెండర్ నిర్మాణంలో కాంతిని రెండు దారులుగా చీల్చి మళ్లీ కలపడం వల్ల ఆ స్వల్ప మార్పే కాంతి తీవ్రతలో హెచ్చుతగ్గులుగా బయటపడుతుంది. 2004లో ఇంటెల్ పరిశోధకులు ఇలాంటి మాడ్యులేటర్‌ను 1 గిగాహెర్ట్జ్ దాటించడమే అప్పట్లో పెద్ద విషయం. ఇప్పుడు మీ మాడ్యూల్‌లోని ఒక్కో లేన్, నాలుగు కాంతి స్థాయిలు వాడే పామ్4 పద్ధతిలో సంకేతానికి రెండేసి బిట్ల చొప్పున, సెకనుకు సుమారు 5,300 కోట్ల సంకేతాలు పంపుతోంది.

వేడికి నిజంగా చలించేది చిన్న వలయంలో కాంతిని తిప్పే రింగ్ రకం మాడ్యులేటర్. ఒక్క డిగ్రీ మారినా దాని అనునాద తరంగదైర్ఘ్యం 0.1 నానోమీటర్‌కు కాస్త తక్కువగా జరుగుతుంది కాబట్టి దానికి హీటర్ తప్పనిసరి. డీఆర్4లో ఎక్కువగా కనిపించే మాక్-జెండర్ అంత సున్నితం కాదు. వేడికి ముందుగా నీరసించేది దానికి కాంతినిచ్చే లేజర్. కనుక స్విచ్‌లో లేన్ల వారీగా రిసీవ్ పవర్, లేజర్ కరెంట్, మాడ్యూల్ ఉష్ణోగ్రత చూడండి. ఒక్క లేన్‌లోనే పవర్ తగ్గితే ముందుగా అనుమానించాల్సింది ఎంపీఓ కనెక్టర్ (అనేక ఫైబర్లను ఒకేసారి కలిపేది) మొహాన చేరిన దుమ్మునే. కనెక్టర్ మొహాన్ని పెద్దదిగా చూపే స్కోప్‌తో చూడకుండా పెట్టి తీసి, తీసి పెట్టే అలవాటు దాన్ని మరింత పాడుచేస్తుంది. పవర్ బాగానే ఉండి ఉష్ణోగ్రత 70 డిగ్రీలకు చేరువైతే ర్యాక్‌లో గాలి ఆడటం లేదని అర్థం. ఖాళీ స్లాట్లకు మూతలు పెట్టని చోట కొత్త మాడ్యూళ్లు కొన్నా అదే ఫలితం.

రీకోడ్ చేసిన పాత సరుకు సంగతి నన్ను ఇంతకంటే ఎక్కువ కలవరపెడుతోంది. మాడ్యూల్ గాజుముక్క కాదు, సొంత మైక్రోకంట్రోలర్, ఫర్మ్‌వేర్ (పరికరంలోనే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న చిన్న కంప్యూటర్. తయారీదారు పేరు, సీరియల్ నంబర్ అందులో రాసిపెట్టిన అక్షరాలు మాత్రమే. వాటిని తిరగరాయడాన్నే రీకోడింగ్ అంటున్నారు. రాతకు అడ్డుగా ఉండే పాస్‌వర్డ్ నాలుగు బైట్లే. పేరు మార్చగలిగినవాడు ఫర్మ్‌వేర్‌ను ముట్టుకోలేదని మీకు రుజువేమిటి? చెడ్డ ఫర్మ్‌వేర్ లేజర్‌ను ఆపగలదు, ఉష్ణోగ్రతను తప్పుగా చూపగలదు, మీకు అక్కరలేని సమయంలో లింకును పడగొట్టగలదు.

ఇక్కడ తప్పు కొనేవారిదే కాదు. ఇతర కంపెనీల మాడ్యూల్ పెడితే పోర్టును మూసేసే స్విచ్, ఆ మాడ్యూల్ ఫర్మ్‌వేర్‌పై డిజిటల్ సంతకం (అది అసలు తయారీదారుదేనని రుజువు చేసే గుర్తు) ఉందా అని ఎందుకు అడగదు? అమ్మకాలను కాపాడే తాళం మీద పెట్టిన శ్రద్ధ నెట్‌వర్క్‌ను కాపాడే తాళం మీద పెట్టకపోవడం నా దృష్టిలో సిగ్గుచేటు. పైగా ఆ పేరు తనిఖీయే రీకోడింగ్ బజారును పుట్టించింది.

డీఆర్4 500 మీటర్ల వరకు పనిచేస్తుంది కాబట్టి ఒక భవనం నుంచి మరో భవనానికి వెళ్లే లింకులు మీకూ ఉండవచ్చు. ఫైబర్‌ను కొద్దిగా వంచి బయటికి కారే కాంతిని పట్టుకోవడం సాధ్యమే కనుక, అలాంటి లింకులపై మ్యాక్‌సెక్ (లింకులో వెళ్లే డేటాను ఇతరులు చదవకుండా గుప్తీకరించే పద్ధతి) ఎన్‌క్రిప్షన్‌ను ఆన్ చేయండి. మీ స్విచ్ పోర్టులు దానికి తోడ్పడతాయో లేదో ముందే చూసుకోండి. పాత మాడ్యూళ్ల విషయంలో, లోపల ఏ ఫర్మ్‌వేర్ వెర్షన్ ఉందో, సంతకం లేని ఫర్మ్‌వేర్‌ను మాడ్యూల్ తిరస్కరిస్తుందో లేదో అమ్మేవారిని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే కొనకండి.