గారండ్‌లో బోల్టు ముందుకు రాకపోతే

తూటాలను కలిపి పట్టి ఉంచే లోహపు క్లిప్పును రైఫిల్‌లో అడుగుదాకా నొక్కినా, తూటాను గొట్టంలోకి నెట్టి మూసే బోల్టు ముందుకు కదలడం లేదని మీరన్నారు. రైఫిల్ పాడైందని కంగారుపడకండి. 1936లో అమెరికా సైన్యం స్వీకరించిన ఎం1 గారండ్‌కు ఇది పాత అలవాటే. 8 తూటాలూ క్లిప్పుతో సహా లోపలికి వెళ్తాయి; పై తూటాను క్లిప్పు బిగించి పట్టుకుంటే బోల్టు అక్కడే ఆగుతుంది. బోల్టును ముందుకూ వెనక్కూ నడిపే ఆపరేటింగ్ రాడ్ పిడిని అరచేతి కింది భాగంతో ముందుకు ఒక్క దెబ్బ కొట్టండి, చాలు.

అయితే ప్రతిసారీ ఆగుతుందని నమ్మకండి. ఒక్కోసారి వేలు తీయకముందే బోల్టు దూసుకొస్తుంది. నా బొటనవేలి గోరు నెలరోజులు నల్లగా ఉంది! అందుకే క్లిప్పును బొటనవేలితో నొక్కేటప్పుడు అరచేతి అంచును ఆ పిడికి ఆనించి ఉంచండి. వేలు బయటికి వచ్చాకే చేయి వదలండి. క్లిప్పు తలకిందులైనా ఫరవాలేదు, రెండు వైపులా ఒకటే. తూటాల వెనుక అంచులు మాత్రం సమంగా కూర్చోవాలి.